దుప్పటి వెనక రెండు యాంప్లిఫయర్లు

మొన్న అమలాపురంలో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో ఇద్దరు పెద్దమనుషులు, యాంప్లిఫయర్ మారిస్తే పాట మారుతుందా లేదా అని గట్టిగా వాదించుకుంటుంటే, కొనాల్సిన బల్బు మాట మరిచి నిలబడిపోయాను. కొత్తపేటలో ఉండే మా మావయ్య గుర్తొచ్చాడు. తొంభైల్లో ఆయన వీధిగదిలో కూర్చుని యాంప్లిఫయర్లు స్వయంగా తయారుచేసేవాడు. సోల్డరింగ్ పొగ, మూలన పోసిన ఎండు కొబ్బరి వాసన కలిసి ఆ గదిలో ఎవరికీ ఐదు నిమిషాలకు మించి కూర్చోబుద్ధయ్యేది కాదు, నాకు తప్ప.

మస్కట్‌లో పనిచేసే మా బావగారు, అంటే అక్క భర్త, ఒకసారి సెలవుకి జపాన్ యాంప్లిఫయర్ తెచ్చారు. భోజనాల దగ్గర, "మనూళ్లో చేసినవి ఒట్టి మోతేనండీ మావయ్యగారూ. పాట వినాలంటే ఇలాంటిదుండాలండీ" అనేశారు. మావయ్య పెరుగన్నం కలపడం ఆపాడు. "అయితే ఏది ఎవరిదో చూడకుండా చెప్పండి అల్లుడుగారూ. నాది తీసిపోయిందంటే రేపట్నించి ఈ పని ముట్టుకోను."

"ఆయ్, అలాగేనండీ!"

తీర్పరిని నేను. ఆ రోజుల్లో గ్రంథాలయం తలుపు తీసేసరికి మెట్ల మీదుండేవాణ్ణి. చదివింది ఎవరికో ఒకరికి చెబితేగానీ అన్నం సయించేది కాదు. అట్ట ఊడిన ఒక పుస్తకంలో ఈ పరీక్ష పద్ధతి ఉంది. దుప్పటి కట్టి, దాని వెనక రెండు యాంప్లిఫయర్లూ పెట్టి, స్పీకర్ల వైర్లు అటూ ఇటూ మార్చాను. మొదట ఏది కాస్త గట్టిగా మోగితే అదే తనదన్నారు బావగారు. గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుందని పుస్తకం ముందే చెప్పింది. అందుకని, హెచ్చుతగ్గుల్లేకుండా ఒకేలా మోగే శ్రుతిపెట్టె రికార్డు చేసిన క్యాసెట్టు వేసి, మావయ్య మీటరుతో రెండింటి మోతా సమానం చేశాను. ఆ తర్వాత పన్నెండుసార్లు అడిగితే ఆరుసార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

"ఒప్పుకున్నానండీ. రెండూ ఒకటేనండీ," అని నవ్వేశారాయన. అక్క చప్పట్లు కొట్టింది. మావయ్య మాత్రం దుప్పటి వైపే చూస్తూ, "ఎక్కడా తేడా లేదాండీ?" అన్నాడు. మంచి యాంప్లిఫయర్ పాటకి తనదంటూ ఏదీ కలపదనీ, ఇంతకంటే మెచ్చుకోలు లేదనీ నేను పుస్తకం అప్పజెప్పాను. అంతా విని, "అయితే ఇన్నేళ్లూ నేను విన్నదేంటిరా?" అన్నాడు.

మాట నెగ్గాడు గనక పని మానలేదు. కానీ అప్పటిదాకా ఒక్కో పెట్టెనీ పూర్తయ్యాక వారం రోజులు వినేవాడు. నచ్చకపోతే విప్పి మళ్లీ మొదలెట్టేవాడు. ఆ తర్వాత మీటరు పెట్టి చూసి, సాయంత్రానికే చేయించుకున్నవాళ్లకి ఇచ్చేసేవాడు. పరీక్ష ఫలితం ఇవాళ్టికీ తప్పని నేననుకోను. కానీ ఆ పూట ఆయన దగ్గర్నించి ఎన్ని వారాలు తీసేసుకున్నానో లెక్క తెలియడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.