ఏనుగు కాళ్ళ కింద మొలిచిన వరి

మా చిన్నప్పుడు... మిర్యాలగూడలో మా ఇంటి ముందుగది సిమెంటు నేల మీద యుద్ధాలు జరిగేవి. సుద్దముక్కతో అడ్డంగా గీసిన గీత సాగర్ కాలువ. బోర్లించిన చాట గుట్ట. కాలువకు ఇటు నా ఏనుగు, పులి, ఒంటె... అటు మా బావ యుద్ధట్యాంకులు.

బావ అంటే కోదాడలో ఉండే మా మేనత్త కొడుకు. సెలవులకు వస్తూ చెప్పుల డబ్బా నిండా ట్యాంకులు తెచ్చేవాడు. నావేమో జాతరలో కొన్న ప్లాస్టిక్ జంతువులు. కొన్నప్పుడు అన్నిటికీ ఒకటే రంగు... మిగతాదంతా మన చేతిలో పని.

పొయ్యి బూడిదలో జిగురు కలిపితే ఏనుగు రంగు. ముగ్గులో వేసే పసుపు పులికి. కళ్ళు పెట్టాలంటే చీపురుపుల్ల కొన కావాలి, చెయ్యి వణకకూడదు. తర్వాత బొమ్మ పడిపోకుండా కాళ్ళ కింద ఒక మూత అంటించి, దాని మీద మట్టి, ఊక చల్లి, బతుకమ్మకు రంగులద్దగా మిగిలిన గునుగు పూలు తుంచి పొదల్లా గుచ్చేవాళ్ళం.

ఈ పనిని ‘బేసింగ్’ అంటారని ఈమధ్యే తెలిసింది. మేం ‘పొలం పెట్టడం’ అనేవాళ్ళం. “పులికి పొలం పెట్టినవా?” అని నానమ్మ కూడా అడిగేది. ఇప్పుడు రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే... మాదే బాగుందనిపిస్తుంది.

గవ్వలు వేసి ఆడేవాళ్ళం. బొమ్మ నడవాలన్నా, ట్యాంకు పేలాలన్నా గవ్వలే. తీర్పు నానమ్మది. నాకు నానమ్మ, బావకు అమ్మమ్మ... కాబట్టి ఇద్దరికీ సమ్మతమే. ఓడినవాళ్ళు, గెలిచినవాళ్ళు అడిగిన బొమ్మ ఇచ్చెయ్యాలి. అదొక్కటే కఠినమైన షరతు.

దసరాకు అలాగే నా తెల్లగుర్రం పోయింది. దీపావళికి కోదాడ వెళితే బావ కిటికీలో కనిపించింది... ఎర్రగా! నా గుర్రానికి ఎర్రరంగు పూసేశాడు.

పైగా ఫోన్లో బెదిరింపు. “క్రిస్మస్ సెలవులకి వస్తున్నానే. ఈసారి నీ ఏనుగు నాదే, రెడీగా పెట్టుకో.”

ఆ ఏనుగంటే నాకు ప్రాణం. చెవుల లోపల గులాబీ రంగు కూడా వేశాను... ఎవరూ చూడకపోయినా. బావ వచ్చేలోపు దానికి కొత్త పొలం పెట్టాలనుకున్నాను. నానమ్మ వెంట వేములపల్లిలో మా మడికి వెళ్ళినప్పుడు, గట్టు పక్కన వెన్నలాంటి మెత్తటి బురద కనిపించింది. పచ్చడి సీసా మూత నిండా తెచ్చుకున్నాను. ఏనుగు కాళ్ళు అందులో దించి, పిల్లి ముట్టకుండా గంప బోర్లించి, పొయ్యి పక్కన పెట్టాను. ఎండి పగుళ్ళు పడుతుందేమోనని రోజూ గంప సందుల్లోంచి నీళ్ళు చిలకరించడమే తప్ప ఎత్తి చూడలేదు.

అది నారుమడి అని, నానమ్మ అప్పుడే అందులో మొలకవడ్లు చల్లిందని... నాకేం తెలుసు!

బావ వచ్చిన పొద్దున గంప ఎత్తితే ఏనుగు లేదు. లేత నారు గుంపుగా నిలబడి ఉంది. దాని మధ్యలో ఎక్కడో ఏనుగు వీపు.

ఏడుస్తూ పీకబోతే నానమ్మ చెయ్యి పట్టుకుంది. “ఓ పిల్లా, పచ్చటి నారు పీకుతరే ఎవరన్న? ఉండనియ్. ఏనుగుకు మేత గూడ అయితది.”

బావ పడీపడీ నవ్వాడు. “ఏంటే ఇది, యుద్ధానికొచ్చావా, వ్యవసాయానికొచ్చావా? యూరియా వేశావా లేదా?”

యుద్ధం మొదలైంది. పులి పోయింది. ఒంటె పోయింది. అన్నం వేళకు అటు ఒక్క ట్యాంకు, ఇటు నారులో నా ఏనుగు మిగిలాయి. బావ గవ్వలు విసిరాడు... అన్నీ వెల్లకిలా!

“పేలింది! ఏనుగు నాది!”

“ఎట్లయితది బావా? చెట్టు చాటున ఉన్నదాన్ని కొట్టొద్దని దసరాకు నువ్వే చెప్పినవ్ గద!” అన్నాను. నిజమే. ఓడిపోబోయే ట్యాంకును గునుగు పొద వెనక దాచి, అప్పటికప్పుడు ఆ రూలు పెట్టింది తనే.

“అది చెట్టు సంగతే. ఇది గడ్డి.”

“గడ్డేందిరా, వరి!” నానమ్మకు కోపమొచ్చింది. “ఇగ లొల్లి వద్దు. నీ టాంకి కాడ పండుకొని సూడు. ఏనుగు కనపడితె కొట్టినట్టు, లేకుంటె లేదు. నువ్వే చెప్పు.”

బావ బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి ఫిరంగి గొట్టం వెంట చూశాడు. అక్కడి నుంచి చూడగలిగేది తనొక్కడే. ఏం చెప్పినా నమ్మాల్సిందే...

“కనపడట్లేదు,” అన్నాడు లేవకుండానే. “తొండం కూడా కనపడట్లేదే.”

తర్వాతి వంతు నాది. ఏనుగు నారుతో సహా కాలువ దాటి వెళ్ళి ట్యాంకును పడేసింది.

“ఏం కావాలో తీస్కో,” అంటూ బావ డబ్బా నా ముందుకు తోశాడు.

“గుర్రం.”

డబ్బా అడుగున, గుడ్డలో చుట్టి ఉంది. ఇస్తూ ఇస్తూ నసిగాడు. “దానికి రంగు మార్చేశాగా... తెల్లరంగు వేసిస్తాలే.”

“వద్దు. గట్లనే ఇయ్యి.”

ఆ నారును నానమ్మ తీసుకెళ్ళి మడిలో ఒక మూల నాటేసింది. గుర్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది... సూర్యాపేటలో, హాస్టల్ గదిలో, నా పుస్తకాల పక్కన. అక్కడక్కడా ఎరుపు లేచిపోయి కింద నా తెలుపు కనిపిస్తుంది. మళ్ళీ రంగు వెయ్యాలనిపించదు.

ఇప్పుడు బొమ్మలకు అంటించే గడ్డి ప్యాకెట్లలో దొరుకుతోంది. వాడిపోదు, రాలదు... ఎన్ని నీళ్ళు చల్లినా పెరగదు కూడా. బావా నేనూ ఫోన్లో ట్యాంకుల ఆట ఆడుకుంటాం. ఎవరు ఎవరికి కనపడుతున్నారో ఫోనే చెప్పేస్తుంది. నేల మీద పడుకుని చూసి, ఓడిపోతానని తెలిసీ నిజం చెప్పే పని ఎవరికీ లేదు...

మీ ఆటల్లో అలా నిజం చెప్పి ఓడిపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళ గురించి ఇక్కడ రాయండి... చదవాలని ఉంది.