బావ గొంతులో భూమి ఆఖరి ప్రకటన

మా బావ సొలొమోను గొంతు విననివాళ్ళు కృష్ణా జిల్లాలో తక్కువ. ముఖం మాత్రం ఎవరికీ తెలియదు. బెజవాడ బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పే ఉద్యోగం ఆయనది. చిన్న గదిలో కూర్చుని ఏళ్ళ తరబడి జనాన్ని ఊళ్ళకు పంపించాడు. రిటైరయ్యాక ఆయన మాట వినేవాళ్ళు లేకుండా పోయారు. ఇంట్లో నోరు తెరిస్తే చాలు, మా అక్క హెలెన్ మిక్సీ వేసేస్తుంది.

అందుకే బెంజ్ సర్కిల్ దగ్గరి లైబ్రరీలో లైబ్రేరియన్ వేదశ్రీ గారు అధ్యాయానికొకరు చొప్పున ఓ నవల చదివి వినిపించే సభ పెడుతున్నారనగానే బావ పేరిచ్చేశాడు. చీటీలు తీస్తే ఆఖరి అధ్యాయం ఆయనకు పడింది.

"ఇదీ తుస్సుమంటే ఇంక జనంలో నోరు తెరవను రా పాల్" అన్నాడు నాతో. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ చీటీ మడిచి జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

నవల డెబ్బై ఏళ్ళ నాటిది, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చింది. భూమి గడ్డకట్టుకుపోతుంటుంది. చంద్రమండలానికి తప్పించుకోవడానికి ఉన్నది ఒకటే రాకెట్టు. అందులో ముందు ఆఫీసర్ల బల్లలు, కుర్చీలు, బీరువాలు ఎక్కిస్తారు. జనం క్యూలో వణుకుతూ, అక్కడ ఆఫీసు లేకపోతే మన పనులెలా అవుతాయి పాపం అని సర్దుకుంటారు. ఒక్క బిగిన చదివేశాను. నవ్వాను, నవ్వినందుకు భయమేసింది, మళ్ళీ నవ్వాను. ఆఖరి అధ్యాయమంతా రాకెట్టు స్టేషన్లో మైకు ఉద్యోగి చేసే ప్రకటనలే. అంటే బావ కోసమే రాసినట్టుంది!

మరి మా బావ ఏం చేశాడు? సాహిత్యమంటే గొంతు వణకాలని ఆయనకు ఎవరు చెప్పారో, ఇంట్లో సాధన చేస్తూ ప్రతి మాటకీ చెయ్యి పైకెత్తి శోకాలు పెట్టాడు.

"ఏవండీ, ఇంకాస్త ఏడిస్తే పక్కింటోళ్ళు పరామర్శకొచ్చేస్తారు" అంది అక్క.

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. తన వంతు రాగానే బావ అదే శోకంతో మొదలుపెట్టాడు. పేజీ తిరగకుండానే జనం ఫోన్లు తీశారు. నాకు ఒళ్ళు మండింది, జనం మీదా, బావ మీదా. అంతలో వేదశ్రీ గారు లేచి మైకును ఆయన నోటి దగ్గరికి జరిపారు.

మైకు దగ్గరయ్యేసరికి బావ వీపు నిటారైంది. ఎత్తిన చెయ్యి దానంతటదే దిగింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. చంద్రమండలం వెళ్ళు రాకెట్టు, బీరువాల రద్దీ కారణంగా, ప్రయాణికులు లేకుండా బయలుదేరుచున్నది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము."

హాలు గొల్లున నవ్వింది! పుస్తకంలో ముక్క ఒక్కటీ మార్చలేదు, ఏడుపు తీసేశాడంతే. మంచు మోకాళ్ళ దాకా వచ్చినా అదే మర్యాద, పీకల దాకా వచ్చినా అదే మర్యాద. వేదశ్రీ గారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. నాకైతే కుర్చీ ఎక్కి ఈల వేయాలనిపించింది.

చివరికి రాకెట్టు వెళ్ళిపోతుంది. "తదుపరి సర్వీసు లేదు. దయచేసి వేచి ఉండండి" అని బావ పుస్తకం మూశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వెనక వరసలో ఓ పెద్దావిడ సంచి భుజాన వేసుకుని లేచింది. మైలవరం శౌరమ్మ గారట, మనవరాలితో వచ్చింది.

"ఎక్కడికే నాయనమ్మా?" అంది మనవరాలు.

"ఏమోనే, ఈ గొంతు వింటే బస్సొచ్చిందని లేచేస్తాను" అందావిడ.

అందరూ మళ్ళీ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నేరుగా ముందుకొచ్చి బావ ముఖంలోకి చూసింది.

"మా ఆయన్ని ఆసుపత్రికి తిప్పినన్నాళ్ళూ మైలవరం బస్సు చెప్పింది నువ్వేనా నాయనా? నీ మాట వినపడితే చాలు, ఇంటికి చేరిపోయినట్టే ఉండేది."

బావ మైకు ముందే ఉన్నాడు. పుస్తకం పక్కన పెట్టి మా అక్క వైపు చూశాడు.

ముందు వరసలోంచి మా అక్క లేచి నిలబడింది.

"చెప్పండీ. వింటున్నాం" అంది.