మట్టికోట ముందు పెళ్లికొడుకు

ఆ రోజుల్లో దుబాయ్ కుర్రాళ్ళకి సంబంధాలు కుదిర్చింది పెళ్లిళ్ల పేరయ్యలు కాదు, పక్కవాళ్ళ కార్లు. ఎవరిదో ఖరీదైన బండికి ఆనుకుని, నల్లకళ్లజోడుతో దిగిన ఫోటో ఇంటికి పంపితే చాలు, పిల్లనిచ్చేవాళ్ళు బారులు తీరేవారు (బండిగలాయన వచ్చేలోగా క్లిక్కుమనిపించడమే కష్టం). నా ఖర్మకి, మావాళ్ళు చూసిన విశాఖ అమ్మాయి చరిత్రలో ఎమ్మే చదువుతోంది. కార్ల ముందు నిలబడ్డ పెళ్లికొడుకులందర్నీ వద్దనేసిందట. ఆమె ఫోటో చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు (బిర్యానీ అయితే వెళ్ళేది). శనివారానికల్లా నా ఫోటో రాకపోతే ఇంకో సంబంధం చూసుకుంటామని వాళ్ళ నాన్న కబురు పెట్టాడు.

“చరిత్ర పిల్లకి కారెందుకురా, కోట చూపించాలి గానీ,” అన్నాడు అల్ కుసైస్‌లో మా గదికి పెద్దదిక్కయిన బాబాయ్ (వరసకేం కాడు, వంట ఆయన చేతిలో ఉండేది). శుక్రవారం పొద్దున్నే నైఫ్ బజారులో చవగ్గా కొన్న నీలం కోటు తొడుక్కుని, ఆయనతో కలిసి ఆయన డొక్కు కారులో, పాతకాలపు మట్టికోట ఉన్న ఫుజైరా పాత ఊరికి బయల్దేరాను. కొండలు దాటుతుండగా అందుకుంది వాన. ఏడాదంతా ఆకాశం మాకోసమే దాచిపెట్టినట్టు, సముద్రం కూడా గొడుగు వెతుక్కునేంత వాన. అక్కడ చినుకు పడితే జనం సంబరంగా బయటికొస్తారు. మేమిద్దరమే కారులో ముడుచుకుని, తగ్గుతుందేమోనని సాయంత్రం దాకా చూశాం. తగ్గలేదు. వెలుతురు పోతోందని దిగక తప్పలేదు.

ఉన్న ఒక్క గొడుగూ బాబాయ్ కెమెరాకి పట్టాడు. మట్టిగోడల సందుల్లో నన్ను అటూ ఇటూ పరిగెత్తించాడు. కోటు రంగు చొక్కాకి దిగి, చొక్కా నుంచి మెడకెక్కి, నేను సాక్షాత్తూ నీలమేఘశ్యాముణ్ణయ్యాను. రాజఠీవితో ఆనుకుంటే గోడలో సగం నా వీపుకి అంటుకొచ్చింది. కాపలా పఠాన్ పరిగెత్తుకొచ్చి హిందీలో లబలబలాడాడు. ఏమంటున్నాడని బాబాయ్‌ని అడిగాను.

“వెళ్ళేటప్పుడు కోట ఇక్కడే వదిలేసి వెళ్ళమంటున్నాడ్రా.”

నాకు నవ్వాగలేదు. సరిగ్గా అప్పుడే నొక్కాడు మహానుభావుడు. మిగతా ఫోటోలన్నీ మసకే. గతిలేక ఆ ఒక్కటే ఈమెయిల్లో పంపి, సంబంధం ఖలాస్ అని పడుకున్నాను. సోమవారం ఫోన్ వచ్చింది. అమ్మాయి ఒప్పుకుందట.

మొన్న వాన మొదలవగానే మఫ్లర్ చుట్టుకుని, జలుబు చేస్తుందని కిటికీలన్నీ మూసేశాను. మా ఆవిడ గోడమీది ఆ కోట ఫోటోకేసి చూస్తూ, “నేను ఒప్పుకున్నది ఆయన్నండీ. మధ్యలో మీరెవరో వచ్చారు,” అంది. నిజం చెప్పొద్దూ, ఆయన్ని ఒకసారి చూడాలని నాకూ అనిపించింది. లేచి, కిటికీ ఒక రెక్క తీశాను.