పహిల్వాన్‌కు హారతి

ఆ రోజుల్లో మా దగ్గర బొమ్మలు కొనుక్కునేవి కావు, ఎలాగోలా సంపాదించుకునేవి. ఒక రంగు కాగితం ముక్క కోసం నేను అన్నం మానేసిన రోజులున్నాయంటే ఇప్పటి పిల్లలు నమ్మరు (సాయంత్రం వరకే లెండి, అంతకు మించి మానే శక్తి నాకు ఏనాడూ లేదు). మాది పోచంపల్లి. నయాపైసలు కొత్తగా వచ్చి, పెద్దవాళ్ళు ఇంకా అణాల్లోనే మాట్లాడుకుంటున్న కాలం. మా ఇంట్లో నడిమి అర్రలో మగ్గం, వసారాలో రాట్నం, మిగిలిన జాగాలో మేము. మిల్లుల నుంచి నూలు కట్టలు కట్టలుగా వచ్చేది. ఒక్కో కట్ట మీద ఆ మిల్లు గుర్తుగా అరచేయంత రంగుల చీటీ అతికించి ఉండేది. దాన్ని మేం ఛాపు అనేవాళ్ళం. పులి ఛాపు, ఏనుగు ఛాపు, గడియారం ఛాపు, గొడుగు పట్టుకున్న దొరసాని ఛాపు. పెద్దలకు కావలసింది కట్ట లోపలి నూలు, మాకు కావలసింది పైనున్న ఛాపు. కాబట్టి ఊళ్ళో ఎవరింట్లో కట్ట విప్పుతున్నా ఇంటివాళ్ళకంటే ముందు మేం చేరి కూర్చునేవాళ్ళం.

ఛాపులు పోగెయ్యడం ఒక ఎత్తు, మార్చుకోవడం ఇంకో ఎత్తు. బడి వెనక గోడ నీడన మా అంగడి సాగేది. రెండు పులులకు ఒక ఏనుగు, మూడు ఏనుగులకు ఒక దొరసాని. ఈ ధరలు ఎవరు నిర్ణయించారో తెలియదు గాని ఎవరూ తప్పేవాళ్ళు కాదు. బేరం కుదిరితే ఇద్దరూ అరచేతులు చరుచుకుని "పక్కా" అనాలి. పక్కా అన్నాక ఏడ్చినా, తల్లిని పిలుచుకొచ్చినా బేరం వెనక్కు రాదు. మా అందరిలోకీ పెద్ద ఆసామి, నా ఈడువాడే, నూలు దుకాణందారు కొడుకు. వాడికి ఛాపులు ఇంట్లోనే పుట్టేవి. వాణ్ణి మేం బొమ్మల సేఠు అనేవాళ్ళం. వాడు ఛాపులను పాత పుస్తకంలో పేజీకొకటి చొప్పున పెట్టుకుని, చేతులు కడుక్కొస్తే గాని మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. నేను తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బాలో దాచుకునేవాణ్ణి. నా డబ్బాలో పహిల్వాన్ ఛాపులే ఎక్కువ. ఆ మిల్లు నూలు గట్టిదని మా నాయిన అదే తెచ్చేవాడు. పెద్ద మీసాలు, పొట్టి లంగోటీ, రెండు చేతులతో ఛాతీకి అడ్డంగా పట్టుకున్న ఇనుప గుండ్ల కడ్డీ, ఇదీ ఆయన రూపం. ఊరంతా ఆయనే కాబట్టి నాలుగు పహిల్వాన్లిచ్చినా ఒక పులి వచ్చేది కాదు.

ఇలా ఉండగా ఒక వేసవిలో సేఠు దగ్గరికి విమానం ఛాపు వచ్చింది. నీలం ఆకాశం, వెండి రెక్కలు, కింద చిన్నచిన్న కొండలు. ఒక్కటంటే ఒక్కటే వచ్చింది. నా డబ్బా మొత్తం ఇస్తానన్నా వాడు తల ఎత్తలేదు. మూడో రోజు వాడే వచ్చి మెల్లగా, "మీ అవ్వ గూట్ల ఒక కిష్ణుడున్నడు గద," అన్నాడు.

ఉన్నాడు. మా తాత మొదటి మగ్గం పెట్టిన నాడు విప్పిన నూలు కట్ట మీది ఛాపు అది. వేణువు ఊదుతున్న కృష్ణుడు, చుట్టూ బంగారు రంగు అంచు. తాత దాన్ని గంజితో చెక్క పలకకు అతికించి గోడ గూట్లో పెట్టాడట. తాత పోయాడు, ఆ మిల్లూ పోయిందన్నారు, కృష్ణుడు మాత్రం ఉన్నాడు. ఆ గూడు చీకటి మూలన ఉండేది, అవ్వ తప్ప పెద్దవాళ్ళెవరూ అటు తొంగి చూసేవాళ్ళు కాదు. అవ్వ రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఆయన నుదుట వేలితో కుంకుమ పెట్టి, బెల్లం ముక్క చూపించి హారతి పట్టేది. ఇరవై ఏళ్ళ కుంకుమ అక్కడ గడ్డకట్టి చిన్న బొడిపెలా ఉండేది. ఆ నాటికి అవ్వ రెండు కళ్ళకూ పొరలు కమ్మి, మనుషులను మాటను బట్టే గుర్తుపట్టేది.

"దేవుడురా," అన్నాను.

"ఛాపే గద," అన్నాడు సేఠు. "విమానం కావాల్నా వద్దా?"

నేను రెండు రోజులు ఆలోచించాననీ, మనస్సాక్షితో పెనుగులాడాననీ రాస్తే బాగుంటుంది. కాని నిజం చెప్పాలి కదా, మహా అయితే ఒక పూట. అది కూడా గూట్లో ఆయన జాగాలో ఏం పెట్టాలా అన్న ఆలోచనే. కృష్ణుడికి అడ్డంగా వేణువుంది. పహిల్వాన్‌కు అడ్డంగా కడ్డీ ఉంది. ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఇద్దరికీ ఒంటి మీద చొక్కా లేదు. కళ్ళు కనబడని మనిషికి ఇంతకంటే దగ్గరి పోలిక ఎవరు తెచ్చివ్వగలరు చెప్పండి. అవ్వ పొరుగింటికి పోయిన సమయం చూసి, కృష్ణుడి అంచుల వెంట తడిగుడ్డ అద్ది, ఊడదీసి, ఆ పలక మీదే పహిల్వాన్‌ను గంజితో అతికించాను. సాయంత్రానికి సేఠుతో అరచేతులు చరుచుకుని "పక్కా" అన్నాను.

మర్నాడు పొద్దున నేను నిద్రపోతున్నట్టు పడుకుని ఒక కన్ను తెరిచి చూశాను. అవ్వ తడి చెయ్యి పలక మీద ఆనించింది. వేలు నుదుటి దగ్గర ఒక్క క్షణం ఆగింది. తరువాత మెల్లగా కుంకుమ పెట్టింది. ఆ మీసాలాయనకు బెల్లం చూపించింది, హారతి పట్టింది. "అయ్యా, జర నా కండ్ల దిక్కు సూడు. సచ్చేలోపల నా మనవని మొకం సూడాలె. గంతకంటె నేనేమడుగుత," అంది. మనవడు, అంటే నేనే, దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. (ప్రసాదం బెల్లం మాత్రం లేచి తిన్నాను. అది వేరే విషయం.)

అలా ఐదు నెలలు గడిచాయి. విమానం నాకు ఇచ్చిన సుఖమూ ఏమీ లేదు. ఇంట్లో ఎవరికీ చూపించలేను, చూపిస్తే ఎక్కడిదంటారు. పొద్దున్నే హారతి వెలుగులో పహిల్వాన్ మీసాలు మెరుస్తుంటే ఆయన నన్నే చూస్తున్నట్టుండేది. దసరా దాటాక ఒకరోజు నాయిన పట్నంలో బట్ట అమ్మి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా అవ్వ దగ్గర కూర్చున్నాడు.

"అవ్వా, పట్నం దవాఖానల కండ్ల పొరలు తీస్తున్నరట. మంచిగ కనవడ్తదట. పోదమా?"

అవ్వ నాయిన చెయ్యి తడిమి పట్టుకుంది. తరువాత గూటి వైపు చేతులెత్తి మొక్కింది. "నేనడిగిన, ఆయన ఇన్నడు. పోదం బిడ్డా. గని ఒక్క మాట. కండ్లొచ్చినంక ఇంటికొచ్చి ముందుగాల ఆ అయ్యనే సూస్త. ఆయన తర్వాతనే మీరంత."

ఆ మాటతో ఇల్లంతా సంతోషించింది, నా ఒక్కడికే చలిజ్వరం వచ్చినట్టయింది. అవ్వకు చూపు వస్తుంది. వచ్చీ రాగానే ఆ గూట్లో లంగోటీ కట్టుకున్న మనిషిని చూస్తుంది. తాత చేత్తో పెట్టిన కృష్ణుణ్ణి మనవడు విమానానికి అమ్ముకున్నాడని తెలుస్తుంది. నాయిన కొడతాడన్న భయం లేకపోలేదు గాని, అంతకంటే అవ్వ నా ముఖం చూడాలని ఆశపడి, చూశాక ముఖం తిప్పుకుంటే ఎట్లా అన్నదే నన్ను తినేసింది. వాళ్ళిద్దరూ బస్సెక్కిన ఘడియలోనే నేను సేఠు ఇంటికి పరుగెత్తాను.

"నా కిష్ణుణ్ణి నాకియ్యి. నీ విమానం నువ్వు తీస్కో."

"పక్కా అన్నవా లేదా?"

"అన్న. గని మా అవ్వకు కండ్లొస్తున్నయ్‌ర."

సేఠు ఆలోచించాడు. "మంచిదే గద. దానికి నువ్వేడుసుడేంది?"

చెప్పక తప్పలేదు. పహిల్వాన్ సంగతి వినగానే వాడు నవ్వి నవ్వి కింద కూర్చుని, "హారతి గుడ పట్టిందా? బెల్లం గుడ వెట్టిందా?" అని మళ్ళీ మళ్ళీ అడిగి మళ్ళీ మళ్ళీ నవ్వాడు. నవ్వడం అయిపోయాక కళ్ళు తుడుచుకుని వ్యాపారంలోకి దిగాడు. విమానం, దాంతోపాటు నా డబ్బా, డబ్బాలో ఉన్నవన్నీ. నాలుగేళ్ళ సంపాదన. నేను డబ్బా తెచ్చి వాడి ఒళ్ళో పెట్టాను. వాడు ఒక్కొక్కటే తీసి చూసి, "గూట్ల పహిల్వాన్ ఏడి? అది గుడ నీదే గద. అన్ని అంటే అన్ని," అన్నాడు. ఇంటికి పోయి, కుంకుమ బొట్టుతో సహా ఆయన్ను ఊడదీసుకొచ్చి అప్పగించాను. ఆ రోజంతా పలక మీద కృష్ణుడి నాలుగు మూలలూ మళ్ళీ మళ్ళీ అదిమి చూసుకుంటూ కూర్చున్నాను. వంకర లేదు, ముడత లేదు. గండం గడిచిందనుకున్నాను.

పన్నెండో రోజున అవ్వ వచ్చింది. దుమ్ము పడకూడదని దవాఖాన వాళ్ళు కంటికి కట్టిన ఆకుపచ్చ గుడ్డను బస్సులో ఒక్కసారి కూడా పైకెత్తలేదట. సోడాబుడ్డి అద్దాలు కొంగున ముడేసుకుని ఉంది. గడప దాటి నేరుగా గూటి ముందు నిలబడింది. మా అమ్మ, నాయిన, ఇరుగుపొరుగు అందరూ చుట్టూ మూగారు. అవ్వ ముందు చెయ్యి చాచి పలకను తడిమింది. వేలు నుదుటి మీది కుంకుమ బొడిపెకు తగిలి ఆగింది. అప్పుడు గుడ్డ విప్పి, అద్దాలు పెట్టుకుని, కళ్ళు చిట్లించి చాలాసేపు చూసింది. "వచ్చినవా తండ్రీ," అంది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

అవ్వ అప్పుడు నా వైపు తిరిగింది. నా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ముక్కూ చెవులూ అన్నీ చూసి, "ఎంత మంచిగున్నవ్‌రా," అంది. తరువాత అదే గొంతుతో, "ఇన్నొద్దులు గీ జాగల ఉన్నాయన ఏడి?" అంది.

"ఎవరు అవ్వా?" అన్నాడు నాయిన అయోమయంగా. అవ్వ ఆయన వైపు చూడలేదు. నేను అక్కడే కూలబడి, వెక్కుతూ మొత్తం చెప్పేశాను. విమానం, సేఠు, గంజి, డబ్బా, ఏదీ దాచలేదు. నాయిన చెయ్యెత్తాడు. అవ్వ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాకు మొదటి దినమే ఎర్కాయె," అంది. "ఏలుకు బొట్టు గడ్డ తాకలే. నున్నగున్నడు. కోపమొచ్చింది, పోరడు చెప్తడేమో అని సూసిన. చెప్పకపాయె. గని గూడు ఖాళీ వెట్టలే గద. ఎవరో ఒకాయనను తెచ్చి నిలవెట్టిండు. ఇంటికొచ్చినాయనను పస్తు వెడ్తనా? ఎవరైతేంది, ఆయననే అడిగిన. గిన్నొద్దులకు నా మొర ఇన్నది ఆయననే. పో, తోల్కరా పో."

ఇప్పుడు తలచుకుంటే తెలుస్తోంది, ఆ ఐదు నెలల్లో అవ్వ "కిష్ణా" అని ఒక్కసారి కూడా పిలవలేదు. అన్నిసార్లూ "అయ్యా" అనే అంది. నాకప్పుడు అంత ఆలోచించే తీరిక ఎక్కడిది, సేఠు ఇంటికి పరుగెత్తాను. ఇవ్వడానికి నా దగ్గర ఇంక ఏమీ లేదు. ఆ మాటా, అవ్వ అన్న మాటా చెప్పాను. వాడు ఈసారి నవ్వలేదు. పుస్తకంలోంచి పహిల్వాన్‌ను తీసి, రెండు అరచేతుల మధ్య పట్టుకుని, "పా, నేనే తెస్త," అన్నాడు. దారిలో, "దేవుణ్ణి బేరం చెయ్యొద్దు," అని కూడా అన్నాడు. కృష్ణుణ్ణి చేస్తివి గద అంటే, "గది ఛాపే అనుకున్న," అన్నాడు (అయినా నా డబ్బా మాత్రం తిరిగి ఇవ్వలేదు, ఇప్పటిదాకా).

అవ్వ పహిల్వాన్‌ను వెలుతురులోకి తీసుకుపోయి, మీసాలు, కండలు, లంగోటీ, ఇనుప గుండ్లు ఒక్కొక్కటే తీరిగ్గా చూసింది. ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నాయిన తల పట్టుకుని, "లంగోటి కట్టుకున్నోనికి ఐదు నెలలు మొక్కితివా అవ్వా?" అన్నాడు. "కిష్ణుడు మాత్రం కోటు తొడుక్కున్నడా," అంది అవ్వ. ఆ పూటే ఇంకో చెక్క ముక్క వెతికించి, నా చేతనే గంజి పూయించి, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టించింది.

అవ్వ ఆ తరువాత ఆరేళ్ళు బతికింది. రోజూ పొద్దున్నే ఆ లావు అద్దాలు పెట్టుకుని ఇద్దరికీ బొట్లు పెట్టేది. ఎప్పుడూ ముందు పహిల్వాన్‌కే పెట్టేది. ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగాను, కృష్ణుడు పెద్ద దేవుడు కదా, ముందు ఈయనకెందుకని. "కిష్ణునికి ఊరంత మొక్కుతది బిడ్డా," అంది కుంకుమ వేలు తుడుచుకుంటూ. "గీయనకు మనం తప్ప ఎవలున్నరు?"

నేను ఇప్పుడు ఆనాటి అవ్వ కంటే పెద్దవాణ్ణి. మగ్గం వదిలి, బడిపంతులు ఉద్యోగం చేసి, అది కూడా వదిలి చాలా కాలమైంది. ఏ గుడికి వెళ్ళినా గర్భగుడి ముందు కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తుంటాను. తాతకు చాలా శ్లోకాలు వచ్చని మా మనవరాలు అందరికీ గొప్పగా చెబుతుంది. నాకు శ్లోకాలేమీ రావు. ఎంత పెద్ద దేవుడి ఎదుట నిలబడినా ముందు ఆ మీసాలాయనకే ఒక దండం పెట్టుకుంటాను. అవ్వ పోయింది కదా, ఇప్పుడు ఆయనకు నేనొక్కణ్ణే ఉన్నాను.