చిరాగ్‌పల్లి దగ్గర నలభై లారీలు

ముందే ఒప్పుకుంటున్నాను. నా మాటల్లో ముప్పావు వంతు తాలు. తూర్పార పట్టుకుని గింజలు మాత్రం మీరు తీసుకోండి. వాన చుక్క పడితే వరద అంటాను. మా ఆవిడ తుమ్మితే దవాఖానలో మంచం ఖాళీ ఉందో లేదో కనుక్కున్నానంటాను. జహీరాబాద్‌లో పెద్దరోడ్డు పక్కన నాకు మోటార్లు, పైపుల దుకాణం ఉంది. అందులో పైపులకంటే నా మాటలే పొడుగని ఊళ్లో పేరు.

మా పట్నంలో అందరం అల్లం మీదే బతుకుతున్నాం, అల్లం పండించేవాళ్లు తప్ప. చుట్టుపక్కల ఎర్రనేలల్లో పంటకు మంచి ధర పలికితే నా దుకాణంలో పైపులు కదులుతాయి, ఎదురుగా దర్జీకి చేతినిండా బట్టలు, మిఠాయి కొట్టులో సాయంత్రానికి జిలేబీ ముక్క మిగలదు. ధర పడిపోయిన ఏడు మంగలి దుకాణంలో కూడా ఈగలే. జనం గడ్డాలు పెంచుకుని ఋషుల్లా తిరుగుతారు. ఋషులన్నది నేను పెంచి చెప్పింది, గడ్డాలు నిజం.

అల్లానికి ఒక గుణం ఉంది. ధర లేకపోతే తవ్వకుండా, నీళ్లు పెడుతూ ఎండాకాలమంతా నేలలోనే ఉంచుకోవచ్చు. "భూమిలున్న అల్లం బీరువల ఉన్నట్టే" అంటారు మా రైతులు. వానలు మొదలయ్యేదాకానే ఆ ధీమా. చేలో నీరు నిలిచిందంటే దుంప కుళ్లిపోతుంది.

కోహీర్ దగ్గరి పల్లెలో ఉండే కాక ఒకాయన ఆ ఏడు ఎకరం అల్లం అట్లాగే ఉంచాడు. చుట్టరికం ఏమీ లేదు. పదేళ్లుగా నా దగ్గరే పైపులు కొని కొని కాక అయ్యాడు. ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. గోడలు లేచాయి, స్తంభాల మీద ఇనుప చువ్వలు ఆకాశంలోకి పొడుచుకుని నిలబడ్డాయి. అల్లం అమ్మి వానలకు ముందే స్లాబ్ వేయాలని ఆయన ఆశ. అప్పటిదాకా ఆలుమగల వంటా పడకా పక్కనున్న రేకుల కిందే.

తవ్వకానికి ఆడవాళ్ల గుంపు వంతుల ప్రకారం వస్తుంది. పన్నెండు మంది, వాళ్ల మీద ఒక మేస్త్రి అక్క. మన వంతు వచ్చిన రోజు వద్దని తిప్పి పంపితే మళ్లీ అందరూ అయిపోయాకే మన చేనికి వస్తారు. అది ఎవరూ మార్చలేని కట్టుబాటు.

కాక వంతు మర్నాడనగా, పొద్దున బోరు పైపుకు బెండు కొనడానికి నా దగ్గరికి వచ్చాడు. బెంచీ మీద నలుగురు చాయ్ తాగుతున్నారు. నలుగురు కనిపిస్తే నా నోరు నా మాట వినదు. అంతకుముందు రోజు చిరాగ్‌పల్లి దగ్గర టైరు పేలి ఆగిన ఒక లారీని చూశాను. డ్రైవర్‌ను పలకరిస్తే, దొరికితే తిరుగు ప్రయాణంలో అల్లం నింపుకుంటానన్నాడు. నా దగ్గరున్న విత్తనం అంతే.

"నలభై లారీలున్నయి," అన్నాను. "చిరాగ్‌పల్లి కాడ లైను కట్టినయ్. బొంబాయి సేటు తెల్లకారుల కూసొని అల్లం వాసన చూస్తున్నడు. ఎల్లుండికి రేటు డబల్."

"నలభయ్యా?" అన్నాడు కాక.

"లెక్కవెట్టి లెక్కవెట్టి మెడ పట్టేసింది కాకా."

బెంచీ అంతా నవ్వింది. కాక నవ్వలేదు. పక్కకు వెళ్లి మార్కెట్‌లో పంట అమ్మిపెట్టే అడ్తిదారుకు ఫోన్ చేశాడు. అట్లాంటిదేమీ లేదన్నాడట అడ్తిదారు. కాక ఫోన్ జేబులో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఆడంటె లాభం కోసం అబద్ధమాడతడు బిడ్డా. నీకేం లాభమని ఆడతవ్?"

నిజం చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉంది. బెండును కాగితంలో చుట్టి, దారం కట్టి, చేతికిచ్చేంత సమయం. కానీ బెంచీ ఇంకా నవ్వుతోంది. నా లాభం అదే.

మర్నాడు ఆయన గుంపును తిప్పి పంపాడు. రేటు ఉన్నచోటు నుంచి కదల్లేదు. నాలుగో రోజు వాన పట్టుకుంది. ఇంకెవరికైనా అయితే నెల రోజులు కురిసిందని చెప్పేవాణ్ని. ఐదు రోజులు. ఆ ఐదే చాలాయి. గుంపు అప్పటికి రాయికోడ్ వైపు పనికి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు మేస్త్రి అక్క రబ్బరు పైపు కొనడానికి వచ్చింది.

"ఏం సేటు, నీ నలభై లారీలు ఏడికి పొయినయ్?"

"ఏదో నవ్వులకన్న అక్కా."

"వాన తెరిపిచ్చినంక పాపమని ఒక్కపూట పోయినం ఆయన చేన్లకు. గుంజితె మెత్తగ చేతికొస్తుంది, ఉడకవెట్టిన ఆలుగడ్డ లెక్క. ముసలాయన బుట్ట పట్టుకొని మా ఎనక ఎనక తిరిగిండు. బుట్ట నిండలే. కూలి అడుగుదమంటె నోరు రాలే." పైపు చుట్ట భుజాన వేసుకుంటూ అంది, "మోటార్లు బాగ చేస్తవు గద, నీ నోటికి గూడ జర బ్రేకు పెట్టిచ్చుకో."

ఆ తర్వాత నెలకు కాక వచ్చాడు. పైపు అతకడానికి కప్లింగ్ కావాలన్నాడు. "తప్పయింది కాకా" అన్నాను, నేల చూస్తూ. ఆయన నవ్వాడు. "పోనీ తియ్యి బిడ్డా. వచ్చేయేడు నలభై వద్దుగని నాలుగు తీస్కరా" అని, నేను తెప్పించిన చాయ్ తాగి వెళ్లాడు.

ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి. లారీల సంగతి మీకు తెలిసిందే. కల్పించింది ఆ నవ్వు, ఆ చాయ్, నా "తప్పయింది". ఆయన వచ్చిన మాట నిజం, కప్లింగ్ కోసం వచ్చిన మాటా నిజం. బస్సు దిగి, నా దుకాణం ముందు నుంచే నడిచి, నాలుగు దుకాణాల అవతల కొనుక్కున్నాడు. ఆయన మళ్లీ కోహీర్ బస్సెక్కేదాకా నేను గల్లాపెట్టె వెనక వంగి, పడిపోని బోల్టు కోసం వెతుకుతూ ఉన్నాను.

మొన్న పని మీద ఆ పల్లె మీదుగా వెళ్లాను. రేకుల సందుల్లోంచి వంట పొగ వస్తోంది. పక్కన స్తంభాలు ఆరు, వాటి మీద తుప్పు పట్టిన చువ్వలు ఇరవై నాలుగు. బండి ఆపకుండానే లెక్కపెట్టాను. ఒక్కటి కూడా పెంచలేదు.