కొంగల కోసం కట్టిన మంచె

ఈ వెల్డింగ్ మేస్త్రిని ఎవరూ అసలు పేరుతో పిలవరు. భుజం మీద గుడ్డ లేకుండా కనపడడు, కంటికి కనపడిందల్లా తుడుస్తాడు. అందుకే అందరికీ ఆయన తుడుపుల మేస్త్రి. టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు లాక్కెళ్లి కడిగేసే రకం. ఇలాంటి మనిషితో ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన ఆ మహాతల్లికి ఎంత ఓపికుండాలో మీరే చెప్పండి!

ఆయన షెడ్డు పక్కనున్న కరెంటు స్తంభం మీదికి ఏటా చలి తగ్గగానే కొంగల జంటొకటి దిగేది. ఎన్ని దేశాలు దాటుకొచ్చేవో ఏమో, వచ్చి వచ్చి సరిగ్గా అక్కడే పుల్లలు పేర్చేవి. కింద గ్రైండర్ రొద, నిప్పురవ్వలు, ఇనుము కాలిన వాసన. కాస్త అవతల వాగు ఒడ్డున పెద్ద పెద్ద చెట్లు, చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అది వదిలేసి ఇక్కడికి ఎందుకొస్తాయి? "బుర్ర లేనిది వాటికా, నాకా?" అని మేస్త్రి తల గోక్కునేవాడు.

కిందటేడు ఆ జంటలో ఒకటి రెక్కలు విప్పేసరికి రెండు తీగలకూ తగిలి, ఆయన కళ్లముందే కిందపడి చచ్చింది. రెండు రోజులు ఆయనకు తిండి సయించలేదు. ఈ ఏడు మిగిలిన కొంగ కొత్త జోడును వెంటేసుకుని మళ్లీ ఆ స్తంభానికే వచ్చింది. తోడు చచ్చిన చోటికే! మేస్త్రికి మతిపోయింది.

ఈసారి వీటిని చావనివ్వకూడదని పట్టుబట్టాడు. షెడ్డు వెనక పొడవాటి ఇనుప గొట్టం నిలబెట్టి, దాని నెత్తిన గుండ్రటి మంచె వెల్డ్ చేశాడు. అంచులు నున్నగా అరగదీశాడు. రెండు పూతలు రంగేశాడు. రోజూ పొద్దున్నే నిచ్చెనెక్కి అద్దంలా తుడిచేవాడు. కొంగలు దాని మీద వాలేవి, మర్నాటికల్లా మళ్లీ స్తంభమెక్కేవి.

"ఎత్తు చాలలేదంటావా?" అని భార్యను అడిగాడు. ఎత్తు పెంచాడు. కాళ్లు జారుతున్నాయేమోనని జాలీ వేశాడు. రంగు కూడా మార్చాడు. ఊహూఁ!

ఒకరోజు ఆయన నిచ్చెన దిగుతుంటే చేతిలో పుల్లల మోపు చూసి ఆవిడ ఆగిపోయింది.

"ఏమయ్యా, అవెక్కడివి?"

"గాలికి కొట్టుకొచ్చిన చెత్త. తుడిచిన మంచె మీదే పడాలా, ఖర్మ!"

"గాలికి వచ్చినవి ఇలా ఒకదాంట్లో ఒకటి అల్లుకుంటాయా?"

మేస్త్రి మోపు వంక చూశాడు.

"ఎన్నిసార్లు తీశావు?"

"మూడుసార్లు."

"నీ శుభ్రం సంతకెళ్లా! నువ్వు రమ్మంటే వచ్చి మూడుసార్లు ఇల్లు కట్టుకున్నాయి. మూడుసార్లూ ఊడ్చి పారేశావా?"

"చెత్తలో ఉంటాయని నాకేం తెలుసే?" అన్నాడు. ఏడుపొచ్చేలా ఉంది ఆయనకు. ఇంత బాగా కడితే వద్దని, ఆ పుల్లలే కావాలనుకునే ప్రాణం ఎలా ఉంటుందో ఎంత ఆలోచించినా ఆయనకు అంతుపట్టలేదు.

స్తంభం మీది గూడును మంచె మీదికి మార్పిద్దామని పరుగున వెళ్లి లైన్‌మన్‌ను పిలుచుకొచ్చాడు. అతను కరెంటు ఆపి, స్తంభమెక్కి చూసి దిగాడు.

"లాభం లేదు మేస్త్రీ. గుడ్లు పెట్టేశాయి. ఇప్పుడు గూడు కదిపితే వదిలేసి పోతాయి."

"మరి తీగ తగిలితే?"

"తగిలితే పోతాయి. ఈ లైను ఆపేస్తే తప్ప వేరే దారి లేదు. కానీ దీని మీద నడిచేది నీ షెడ్డొక్కటే."

"ఎన్నాళ్లు ఆపాలి?"

"పిల్లలు ఎగిరేదాకా. మూడు నెలలు వేసుకో."

భార్య ఆయన వైపే చూస్తూ నిలబడింది. లోపల సగం అతికిన గేటు బల్ల మీద పడుంది. మేస్త్రి పైకి చూశాడు. కొంగ తిరిగొచ్చి గుడ్ల మీద సర్దుకుంటోంది.

"కరెంటు మళ్లీ వెయ్యకు బాబూ," అన్నాడు మేస్త్రి. "మూడుసార్లు వాటి ఇల్లు పీకినవాణ్ణి. నాలుగోసారి నావల్ల కాదు."

లైన్‌మన్ సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లలో పని రోజున మూతపడని షెడ్డుకు మేస్త్రి తాళం వేశాడు. ఇప్పుడు ఎటు వెళ్లాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.