పేర్ల పంతులమ్మ

మా శిక్షణ గదిలో ఇరవై నాలుగు కంప్యూటర్లున్నాయి. ఇరవై రెండు పనిచేస్తాయి, మిగతా రెండూ పనిచేస్తున్నట్టు కనపడేలా చూడటం నా ఉద్యోగం. పదహారేళ్లుగా ఇక్కడ వైర్లు సర్దుతున్నాను కాబట్టి అందరికీ బాబాయ్‌నైపోయాను. పాఠం చెప్పేది మాత్రం పేర్ల పంతులమ్మ.

ఆ పేరు వాళ్ల అత్తగారి పుణ్యం. మీ కోడలు ఏం చేస్తుందని ఎవరడిగినా ఆవిడ తడుముకోదు. "తెర మీద చుక్కలుంటాయి, పొద్దస్తమానం వాటికి పేర్లు పెడుతుంది. దానికి జీతం కూడా ఇస్తారట!" అంటుంది.

ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. మెదడులోని ఒక్కో కణం ఏ జన్యువుని ఎంత వాడుతోందో లెక్కగట్టిన పట్టికలు పట్టుకుని పరిశోధకులు మా దగ్గరికి వస్తారు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల మెదడు కణాల పటాలున్నాయి, మనిషికొకటి, ఎలుకకొకటి. పట్టికను తగిన పటంలోకి ఎక్కిస్తే ప్రతి కణానికీ ఒక పేరు, ఆ పేరు మీద యంత్రానికి ఎంత నమ్మకముందో చెప్పే ఒక అంకె వస్తాయి. తెర మీద ఒక్కో కణం ఒక్కో చుక్క. అదెలా చేయాలో, వచ్చిన పేరుని ఎంతవరకు నమ్మాలో పంతులమ్మ నేర్పుతుంది. నెలకు రెండు బ్యాచ్‌లు, బ్యాచ్‌కు మూడు రోజులు.

ఎలుక పట్టికను తెచ్చి మనిషి పటంలోకి ఎక్కించేవాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. "బాబూ, అది ఎలుక" అని మొదట్లో నవ్వుతూ చెప్పేది. ఇప్పుడు కుర్చీలోంచి లేవకుండా, అటు చూడకుండానే చెబుతుంది. సాయంత్రం బస్సులో నా పక్క సీట్లో కూర్చుంటే రెండో స్టాపు రాకముందే కళ్లు మూసేస్తుంది. చెప్పిందే చెప్పి చెప్పి అలిసిపోయిందని అందరూ అనుకుంటారు. అసలు సంగతి అది కాదు. నాకు తెలుసు.

ఆమె పాఠాలు చెప్పడానికి పుట్టిన మనిషి కాదు. తొమ్మిదేళ్ల కింద ఎలుక మెదడులో, అప్పటిదాకా ఎవరి కంటా పడని కణాల గుంపు ఒకటి కనిపెట్టింది. దానికి ఇరవై ఏడు–బి అని పేరు పెట్టింది. ఆ పేరు పటంలోకి ఎక్కింది. దాన్ని చూసే మా సంస్థ ఆమెను తీసుకుంది. ఏటేటా రెన్యువల్ చేసే కాంట్రాక్టు ఉద్యోగం. సైన్సులో తనదని చెప్పుకోడానికి ఆమెకు ఉన్నది ఆ ఒక్క పేరే.

మూడేళ్ల కింద ఒక మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరికి వచ్చింది. "బాబాయ్‌గారూ, ఇరవై ఏడు–బి అనేది లేదు" అంది.

"పటంలోంచి ఎగిరిపోయిందా ఏంటమ్మా?"

"అసలు ఎప్పుడూ లేదు. కణాలను విడదీసే యంత్రంలో ఒక్కో నీటిబొట్టులోకి ఒక్కో కణం పడాలి. ఒక్కోసారి రెండు పడతాయి. రెండు వేరువేరు కణాలు ఒకే బొట్టులో ఇరుక్కుంటే, రెండింటి లెక్కా కలిపి ఒకటిగా వస్తుంది. దాన్ని చూసి కొత్త రకం అనుకున్నాను. ఒక గొడుగు కింద ఇద్దరు నడుస్తుంటే ఒక మనిషికి నాలుగు కాళ్లని రాసినట్టు."

డైరెక్టరుకు మెయిల్ పెట్టిందట. ఆయన గదికి పిలిపించి, "పాతవి తవ్వడం ఎందుకమ్మా, ముందు ఈ ఏడు కాంట్రాక్టు రెన్యువల్ కానీ" అన్నాడట. మీరేమంటారని నన్నడిగింది. నేను పెద్ద తెలివైనవాణ్ని కదా! "ఊరుకున్నంత ఉత్తమం లేదు తల్లీ, బోడిగుండంత సుఖం లేదు" అన్నాను. ఊరుకుంది. అప్పట్నుంచి ఏ విద్యార్థి తెర మీద ఇరవై ఏడు–బి కనపడినా, "అది వదిలేయండి, అంత ముఖ్యం కాదు" అంటూ ముందుకు పోయేది. ఆ మాట అన్న ప్రతిసారీ మనిషి ఇంత తరిగిపోయేది.

పోయిన నెల బ్యాచ్‌లో ఒకమ్మాయి వచ్చింది. థీసిస్ ఇవ్వడానికి ఇంకెన్ని రోజులుందో చెప్పకుండా మాట మొదలుపెట్టదు. అందుకని మేం గడువమ్మాయి అన్నాం. మూడో రోజు ఎవరి పట్టిక వాళ్లు ఎక్కించుకునే రోజు. భోజనాలయ్యాక ఆ పిల్ల ఒక్కసారిగా కుర్చీలోంచి లేచింది.

"మేడమ్, చూడండి! జబ్బు ఎలుకల్లో ఇరవై ఏడు–బి దాదాపు లేదు. నమ్మకం అంకె కూడా తొంభై ఆరు శాతం! రెండేళ్ల కింద మీ పేపర్ చదివే ఈ టాపిక్ తీసుకున్నా మేడమ్. నా థీసిస్ అంతా ఇదే. ఇంకా నలభై ఒక్క రోజులుంది, సరిపోతుంది."

గదిలో నలుగురైదుగురు చప్పట్లు కొట్టారు. పంతులమ్మ "అది వదిలేయండి" అంటుందేమోనని చూశాను. అనలేదు. కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"ఒక్కో కణానికి మొత్తం లెక్క ఎంతొచ్చిందో ఆ కాలమ్ తెరువమ్మా. ఈ గుంపుకి ఎంతుంది?"

"మిగతావాటికి రెట్టింపుంది మేడమ్."

"జబ్బు ఎలుకల నమూనాలు యంత్రంలో ఎంత చిక్కగా పోశావు?"

"సగమే. వాటిలో కణాలు తక్కువ దొరికాయి."

"పలచగా పోస్తే రెండు కణాలు ఒకే బొట్టులో పడటం తగ్గుతుంది. నీకు తగ్గింది కణాలు కాదమ్మా, జంటలు."

ఆ పిల్లకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. "మరి పటంలో ఉంది కదా మేడమ్? పేరు పెట్టింది మీరే కదా?"

"నేనే."

"తప్పని మీకెప్పుడు తెలిసింది?"

"మూడేళ్లయింది."

"నేను మొదలుపెట్టి రెండేళ్లు మేడమ్."

ఆ ముక్క అరిచి చెప్పినా బాగుండేది. మెల్లగా చెప్పి, సంచీ తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

పంతులమ్మ బ్యాచ్‌ని టీకి పంపించి నా కంప్యూటర్ ముందు కూర్చుంది. పటంలో తప్పులు దిద్దమని కోరే ఫారం తెరిచింది. ఆ ఫారం ఎవరైనా చదవొచ్చు, ఎప్పటికీ అలాగే ఉంటుంది. పేరు, గుంపు, కారణం, అన్నీ టకటకా నింపింది. చివర్లో "పొరపాటు తెలిసిన తేదీ" అనే గడి దగ్గర ఆగింది.

"ఇవాళ్టి తేదీ వేసెయ్యమ్మా. ఎవడు చూడొచ్చాడు?" అన్నాను.

"ఇవాళ్టిది వేస్తే ఇద్దరం ఒక్కరోజే తెలుసుకున్నట్టుంటుంది బాబాయ్‌గారూ. మీరే చూసుకోవాల్సిందని థీసిస్ కమిటీ ఆ పిల్లనే అంటుంది. నిజం తేదీ వేస్తే, తను మొదలుపెట్టకముందే నాకు తెలుసని కాగితం మీద ఉంటుంది. దాన్ని చూపించి ఇంకో ఏడాది అడగొచ్చు."

"మరి నీ ఉద్యోగమో?"

ఆమె మూడేళ్ల కింద డైరెక్టరుకు పెట్టిన మెయిల్ వెతికి, దాని మీదున్న తేదీని అంకె అంకె చూసుకుంటూ ఫారంలో కొట్టింది. పంపించే బటన్ నొక్కి, "ఒక కాపీ ప్రింట్ తీయండి" అంది.

ఆ పిల్ల మెట్ల దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది, ఎవరికీ చేయకుండా. పంతులమ్మ కాగితం ఇచ్చింది. ఆ పిల్ల పైనుంచి కిందికి చదివింది.

"ఈ తేదీ నిజమేనా మేడమ్?"

"నిజమే."

"ఆ రోజుకి నేనింకా టాపిక్ కూడా ఎంచుకోలేదు."

"తెలుసమ్మా."

తిట్టలేదు, ఏడవలేదు, థాంక్స్ అంతకన్నా చెప్పలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుని మెట్లు దిగిపోయింది. పంతులమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది. వెళ్లి ఒక మాట చెప్పి లేపుదామనుకున్నాను గానీ, నాకు మొహం చెల్లలేదు.